టైమింగ్ లైటులో తప్పు లేదు, పుల్లీ మీది గుర్తే పక్కకి జరిగింది: పాత ఆరు సిలిండర్ల ట్రక్కు ఇంజన్ కేస్

నేపథ్యం

బండి పాత పెట్రోల్ ట్రక్కు. ఇంజన్‌లో ఆరు సిలిండర్లూ ఒకే వరుసలో ఉంటాయి, కార్బురేటర్ ఒకటే, ప్లగ్గులకి నిప్పు పంచే డిస్ట్రిబ్యూటర్ పాయింట్లతో నడిచేది. వాల్వుల్ని తెరిచే క్యామ్‌షాఫ్ట్‌ని తిప్పేది చైన్ కాదు, గేరు. ఫైరింగ్ ఆర్డర్ 1-5-3-6-2-4. ఈ ఇంజన్ పుస్తకం ప్రకారం బేస్ టైమింగ్, అంటే స్లోలో ప్లగ్గు నిప్పు పడే క్షణం, టీడీసీకి (పిస్టన్ అన్నిటికంటే పైన ఉండే చోటుకి) 4 డిగ్రీల ముందు ఉండాలి. దాన్ని డిస్ట్రిబ్యూటర్‌కి వెళ్లే వాక్యూమ్ గొట్టం తీసి మూసేసి, యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజన్ స్లోలో ఉండగా చూడాలి. డ్వెల్ (పాయింట్లు మూసి ఉండే కోణం) 31 నుంచి 34 డిగ్రీల మధ్య ఉండాలి. యజమానినీ బండినీ గుర్తుపట్టగలిగే వివరాలు ఇక్కడ వదిలేశాం.

ఇందులో ఒకదానికొకటి ఎదురుగా లాగే రెండు లోపాలున్నాయి. ఒకదాన్ని సర్దితే రెండోది బయటపడేది. అందుకే బండి చేతులు మారినకొద్దీ పార్టులు మారాయి గానీ జబ్బు మారలేదు.

వచ్చిన ఫిర్యాదు

ఖాళీగా పర్వాలేదు గానీ లోడు వేస్తే బండి లాగదు. ఎత్తు ఎక్కుతుంటే టెంపరేచర్ ముల్లు ఎర్రగీత దాకా పోతుంది. రాత్రిపూట బానెట్ ఎత్తి చూస్తే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ ఎర్రగా కనిపిస్తుంది. తాళం తిప్పి ఆపేశాక కూడా ఇంజన్ నాలుగైదు సార్లు కొట్టుకుని ఆగుతుంది. స్లో ఒకరోజు ఉన్నట్టు ఇంకోరోజు ఉండదు.

బండితో వచ్చిన చరిత్ర ఇంకా ముఖ్యం. ఇంతకుముందు ఒక మెకానిక్ టైమింగ్ లైటు (నిప్పు పడినప్పుడల్లా వెలిగి పుల్లీ మీది గుర్తుని చూపేది) వాడకుండా చెవితో విని డిస్ట్రిబ్యూటర్ తిప్పి పెట్టాడు. అప్పుడు బండి బాగా లాగింది, వేడీ తగ్గింది. కానీ ఎత్తులో, తక్కువ స్పీడులో అప్పుడప్పుడు ఇంజన్ గలగలమని నాకింగ్ ఇచ్చేది. ఆ నాకింగ్ పోగొట్టడానికి ఇంకో చోటికి తీసుకెళ్తే, వాళ్లు టైమింగ్ లైటు పెట్టి చూసి 18 డిగ్రీల అడ్వాన్స్ ఉందని, అంటే నిప్పు టీడీసీకి అంత ముందే పడుతోందని చెప్పి పుస్తకం ప్రకారం 4కి దించారు. నాకింగ్ పోయింది, పికప్ కూడా పోయింది. అక్కణ్ణుంచి ప్లగ్గులు, ప్లగ్ వైర్లు, క్యాప్, రోటర్, పాయింట్లు, కండెన్సర్, కాయిల్ అన్నీ కొత్తవి పడ్డాయి. కార్బురేటర్ విప్పి కిట్ వేశారు, రేడియేటర్ కడిగించారు, థర్మోస్టాట్ మార్చారు.

ఇలాంటి చరిత్ర విన్నప్పుడు ఎవరు తప్పు చేశారని వెతికే కంటే, అందరూ సరిగ్గానే చూశారనుకుని మొదలుపెట్టడం మంచిది. చెవితో పెట్టినవాడు చెప్పింది నిజమే, ఇంజన్‌కి అడ్వాన్స్ చాలడం లేదు. లైటు పెట్టినవాడు చెప్పిందీ నిజమే, గుర్తు 18 దగ్గరే కనిపించింది. రెండూ నిజమవ్వాలంటే మధ్యలో ఇంకేదో అబద్ధం చెబుతూ ఉండాలి.

మొదటి పరీక్షలు, వాటి వెనక ఆలోచన

ఏదీ కదపకముందే ఉన్నది ఉన్నట్టు రాసి పెట్టుకున్నాం. ఇంజన్ బాగా వేడెక్కాక ఇంజన్ గాలి పీల్చే బలాన్ని కొలిచే వాక్యూమ్ గేజ్ ముల్లు 14 అంగుళాల దగ్గర కదలకుండా నిలబడింది. ఆరోగ్యంగా ఉన్న ఇలాంటి ఇంజన్ సముద్రమట్టం దగ్గర 17 నుంచి 21 ఇస్తుంది. వాల్వు అంటుకుంటే ముల్లు ఉండుండి కిందికి కొట్టుకుంటుంది. కదలకుండా తక్కువలో నిలబడిందంటే అన్ని సిలిండర్లకూ ఒకేలా తగిలే కారణం ఉండాలి: ఇగ్నిషన్ లేట్, లేదా క్యామ్ లేట్, లేదా మానిఫోల్డ్ దగ్గర గాలి లీకు.

గాలి లీకుని ముందు తేల్చేశాం. కార్బురేటర్ కిందా మానిఫోల్డ్ అతుకుల వెంటా లీకు పరీక్ష చేసినా స్లోలో మార్పు రాలేదు, బ్రేక్ బూస్టర్ గొట్టం మూసినా రాలేదు.

క్యామ్ లేట్ అయితే కంప్రెషన్ పడిపోవాలి. ప్లగ్గులన్నీ తీసి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి సెల్ఫ్ కొట్టి చూస్తే ఆరు సిలిండర్లూ 125 నుంచి 135 పీఎస్ఐ మధ్యే ఉన్నాయి. గేరు అరిగిందేమో చూడడానికి క్యాప్ తీసి, క్రాంక్‌ని చేత్తో ఒక వైపు తిప్పి రోటర్ కదిలే క్షణం గుర్తు పెట్టుకుని, మళ్లీ వెనక్కి తిప్పి రోటర్ కదిలేదాకా ఎంత వదులు ఉందో చూశాం. మూడు డిగ్రీలకు మించలేదు. చైన్ ఉన్న ఇంజన్‌లో ఇది పది దాటితే చైన్ సాగిందని అనుమానించాలి. ఇక్కడ ఆ అనుమానం తీరిపోయింది.

మిగిలింది ఇగ్నిషన్. డిస్ట్రిబ్యూటర్ బోల్టు వదులు చేసి, రోటర్ తిరిగే దిశకి ఎదురుగా కొద్దికొద్దిగా తిప్పాం. వాక్యూమ్ 14 నుంచి 18కి ఎక్కింది, స్లో స్పీడు పెరిగింది. ఇక్కడ తొందరపడకూడదు. వాక్యూమ్ ఎక్కువగా వచ్చిన చోటే టైమింగ్ పెట్టెయ్యమని చాలామంది చెబుతారు. లోడు లేనప్పుడు ఏ ఇంజనైనా తనకి సరైనదానికంటే ఎక్కువ అడ్వాన్స్‌నే ఇష్టపడుతుంది. అక్కడే బిగిస్తే లోడు పడగానే నాకింగ్ వస్తుంది, పిస్టన్లు దెబ్బతింటాయి. కాబట్టి వాక్యూమ్ పెరగడం ఒక ఆచూకీ మాత్రమే, సాక్ష్యం కాదు.

బలమైన ఆచూకీ కార్బురేటర్ దగ్గర దొరికింది. లైటు 4 చూపిస్తున్నప్పుడు స్లో స్క్రూ చాలా లోపలికి బిగించి ఉంది, మిక్స్చర్ స్క్రూ ఎటు తిప్పినా ఇంజన్‌లో మార్పే లేదు. కిట్ వేసినవాళ్లు ఇది చూసి కార్బురేటర్ పాడైందని తేల్చారు. అసలు జరిగేది వేరు. ఇగ్నిషన్ బాగా లేట్ అయితే స్లోలో ఇంజన్ ఆగిపోకుండా ఉండాలంటే థ్రాటిల్ ప్లేటు మామూలు కంటే ఎక్కువ తెరవాలి. అలా తెరిస్తే ప్లేటు అంచు స్లో రంధ్రాలని దాటిపోతుంది, అప్పుడు మిక్స్చర్ స్క్రూకి పట్టు ఉండదు. ఆపేశాక ఇంజన్ కొట్టుకోవడానికి కూడా ఇదే కారణం: తెరిచి ఉన్న ప్లేటు గుండా మిశ్రమం వస్తూనే ఉంటుంది, ఇంజన్ లోపలి వేడికి అది అంటుకుంటుంది. పైగా ఈ కార్బురేటర్‌లో వాక్యూమ్ అడ్వాన్స్‌కి వెళ్లే రంధ్రం మూసిన ప్లేటుకి కాస్త పైన ఉంటుంది. ప్లేటు తెరిచి ఉంటే స్లోలోనే ఆ రంధ్రానికి వాక్యూమ్ అందుతుంది. గొట్టం తీసి మూయకుండా లైటు పెడితే ఇంకో అబద్ధపు అంకె కనిపిస్తుంది.

నిజంగా 4 డిగ్రీల ముందు నిప్పు పడే ఇంజన్ ఇలా ప్రవర్తించదు, దాని మానిఫోల్డ్ ఎర్రబడదు. నిప్పు లేటుగా పడితే మంట ఆలస్యంగా మొదలై, పిస్టన్‌ని నెట్టాల్సిన వేడి ఎగ్జాస్ట్ దారిలోకి, దాని చుట్టూ ఉన్న నీళ్లలోకి పోతుంది. అందుకే రేడియేటర్ ఎంత కడిగినా వేడి తగ్గలేదు. అన్నీ కలిపి చూస్తే లైటు చూపే 4 నిజమైన 4 కాదనే అనిపించింది.

పనికిరాని దారులు

గుర్తుని అనుమానించే ముందు లైటునే ఇంకో లైటుతో సరిచూశాం, అంకె మారలేదు. డయల్ ఉన్న లైటు అయితే డయల్ సున్నాలో ఉందో లేదో ముందు చూసుకోవాలి. క్లిప్ ఒకటో నంబరు వైరు మీదే ఉంది. టైమింగ్ కవర్ మీది సూచిక వంగలేదు.

ఇంకో చిక్కు ఏమిటంటే అంకె నిలకడగా లేదు. ఇంజన్ స్టార్ట్ చేసినప్పుడు 4 చూపేది, రేస్ ఇచ్చి వదిలాక 9 దగ్గర ఆగేది, కాసేపటికి మెల్లగా కిందికి వచ్చేది. ఇది డిస్ట్రిబ్యూటర్ బుష్ అరిగిపోవడం వల్ల కావచ్చని డ్వెల్ మీటరుతో చూశాం. వాక్యూమ్ గొట్టం తీసి, స్లో నుంచి 2000 ఆర్‌పీఎం దాకా తీసుకెళ్తే డ్వెల్ మారింది ఒక డిగ్రీ. మూడు దాటితే షాఫ్టు, బుష్ అరిగాయనుకోవాలి. ఇక్కడ బుష్ బాగానే ఉంది. కొత్త డిస్ట్రిబ్యూటర్ కొనే ఆలోచన అక్కడితో ఆగింది. కొన్నా టైమింగ్ గుర్తు తప్పుగానే ఉండేది, ఆ ఖర్చు వృథా.

టీడీసీని నేరుగా పట్టుకోవడం

ఇలాంటి ఇంజన్‌కి ముందు క్రాంక్ చివర ఉండే పుల్లీనే హార్మోనిక్ బ్యాలెన్సర్ అంటారు, అది ఒకే ముక్క కాదు. లోపల హబ్, దాని చుట్టూ రబ్బరు, రబ్బరు మీద బరువైన ఇనప వలయం. టైమింగ్ గుర్తు ఉండేది బయటి వలయం మీద. క్రాంక్‌కి గట్టిగా అతుక్కున్నది లోపలి హబ్. దశాబ్దాల తర్వాత రబ్బరు ఎండి పగిలితే వలయం హబ్ మీద కొద్దికొద్దిగా జారుతుంది. క్రాంక్ ఎక్కడ ఉందో గుర్తుకి తెలియదు, అది వలయంతో పాటు పోతుంది. బెల్టు తీసి చూస్తే రబ్బరు ఒక చోట అంచు దాటి ఉబ్బి, ఇంకో చోట లోపలికి కుంగి ఉంది.

ఉబ్బు చూసి జారిందని తేల్చడం కుదరదు, ఎన్ని డిగ్రీలు జారిందో అది చెప్పదు. అందుకని పిస్టన్ స్టాప్ పద్ధతి వాడాం. పాత ప్లగ్గు లోపలి పింగాణీ తీసేసి, అందులో మర దింపి, చివర గుండ్రంగా రుద్దిన బోల్టు బిగిస్తే స్టాప్ తయారు. గాలి పోవడానికి మధ్యలో చిన్న రంధ్రం వదలాలి. పని ఇలా సాగుతుంది:

బ్యాటరీ నెగటివ్ వైరు తీసెయ్యాలి. ప్లగ్గులన్నీ తీయాలి, అప్పుడు క్రాంక్ తేలిగ్గా తిరుగుతుంది. ఒకటో సిలిండర్ రంధ్రం మీద వేలు పెట్టి, గాలి బయటికి నెట్టే కంప్రెషన్ దెబ్బ పట్టుకుని, పిస్టన్ పైకి రాకముందే ఆపాలి. స్టాప్ బిగించి, క్రాంక్‌ని చేత్తో, సాకెట్ రెంచ్‌తో నెమ్మదిగా తిప్పాలి. పిస్టన్ స్టాప్‌కి ఆనగానే సూచిక సున్నాకి ఎదురుగా వలయం మీద సన్నటి గీత గీయాలి. తర్వాత వెనక్కి తిప్పి, రెండో వైపు నుంచి ఆనించి ఇంకో గీత గీయాలి. ఈ రెండు గీతలకు సరిగ్గా మధ్యనున్నదే అసలు టీడీసీ.

సెల్ఫ్ మాత్రం ముట్టుకోకూడదు, ఒక్క దెబ్బకి పిస్టన్‌కి రంధ్రం పడుతుంది. ప్లగ్గు రంధ్రం ఏటవాలుగా ఉంటే బోల్టు వాల్వుకి తగలకుండా చూసుకోవాలి. బిగుతుగా ఆగిందనిపిస్తే బలం వాడకూడదు, తీసి లోతు తగ్గించాలి.

స్క్రూడ్రైవర్ పెట్టి పిస్టన్ పైకి వచ్చిన చోట ఆపితే చాలదా అని అడుగుతారు. చాలదు. పైన ఉన్నప్పుడు క్రాంక్ కొన్ని డిగ్రీలు తిరిగినా పిస్టన్ కదిలినట్టే అనిపించదు. అందుకే స్టాప్‌ని కాస్త లోతుగా దింపి, పిస్టన్ వేగంగా కదిలే చోట రెండు వైపులా పట్టుకుని మధ్య బిందువు తీస్తాం. ఇక్కడ రెండు గీతల మధ్య దూరం 90 మి.మీ. వచ్చింది, అంటే టీడీసీకి అటూ ఇటూ సుమారు 30 డిగ్రీలు.

వలయం వ్యాసం 170 మి.మీ. చుట్టుకొలత 534 మి.మీ., అంటే డిగ్రీకి సుమారు 1.48 మి.మీ. మధ్య బిందువు నుంచి కర్మాగారపు గుర్తు దాకా, ఇంజన్ తిరిగే దిశకి వ్యతిరేకంగా 21 మి.మీ. ఉంది. లెక్క కడితే 14 డిగ్రీలు. వలయం వెనకబడింది కాబట్టి గుర్తు సూచిక దగ్గరికి చేరేసరికి క్రాంక్ అప్పటికే 14 డిగ్రీలు ముందుకు వెళ్లిపోయి ఉంటుంది. లైటు చూపే అంకెలోంచి 14 తీసేస్తే అసలు టైమింగ్ వస్తుంది.

చరిత్రంతా దీంతో తేటతెల్లమైంది. చెవితో పెట్టిన 18 నిజంగా 4, సరిగ్గా పుస్తకం చెప్పిందే. లైటుతో పెట్టిన 4 నిజంగా టీడీసీ దాటాక 10 డిగ్రీలు. అలాంటి ఇంజన్ లాగదు, మండిపోతుంది.

రెండో లోపం

అయితే చెవితో పెట్టినప్పుడు నాకింగ్ ఎందుకొచ్చింది? అసలు 4 డిగ్రీల బేస్‌లో అది రాకూడదు. దీనికి జవాబు 4 నుంచి 9కి పోయి నిలిచిపోతున్న ఆ అంకెలోనే ఉంది. టీడీసీ దగ్గర కొత్త గీత గీసుకుని, వాక్యూమ్ గొట్టం మూసి, బేస్‌ని 4కి తెచ్చి అడ్వాన్స్ కొలిచాం. 1000 ఆర్‌పీఎం దగ్గర 4 డిగ్రీలే ఉంది, 1500 దగ్గరా దాదాపు అంతే. 2000 దాటాక ఒక్కసారిగా 24కి ఎగిరింది. రేస్ వదిలితే 9 దగ్గర ఆగిపోయింది.

పాయింట్ల ప్లేటు తీసి చూస్తే కింద సెంట్రిఫ్యూగల్ వెయిట్ల (స్పీడు పెరిగితే బయటికి జరిగి అడ్వాన్స్ పెంచే బరువుల) పిన్నుల చుట్టూ పాత గ్రీజు జిగురులా గట్టిపడి, పక్కన సన్నటి తుప్పు పట్టి ఉంది. వేలితో తెరిస్తే ఒక వెయిటు వెనక్కి రావడం లేదు. అందుకే పికప్ కావాల్సిన మధ్య స్పీడులో అడ్వాన్స్ రాదు, రేస్ వదిలాక పోవాల్సినది పోదు. హైస్పీడులో వచ్చి గేరు మార్చకుండా ఎత్తు ఎక్కితే, ఇంజన్ స్పీడు పడినా అడ్వాన్స్ మిగిలే ఉంటుంది. ఆ గలగల అక్కణ్ణుంచే.

బేస్ సెట్ చేసే రోజున వెయిట్లు బయట ఇరుక్కుని ఉండి లైటు 4 చూపితే, అవి వెనక్కి వచ్చాక ఇంకో 5 డిగ్రీలు లేట్ అవుతుంది. స్లో రోజుకోలా ఉండడానికి కారణం ఇదే.

పనిచేసిన పరిష్కారం

డిస్ట్రిబ్యూటర్ విప్పి వెయిట్లు, పిన్నులు, స్లాట్లు కిరోసిన్‌తో కడిగి, తుప్పు సన్న ఎమరీతో తీసి, పిన్నులకి పలచగా గ్రీజు పూశాం. ఎక్కువ పూస్తే అది పాయింట్ల మీద ఎగిరిపడుతుంది. స్ప్రింగులు సాగలేదు కాబట్టి పాతవే ఉంచాం. తేలిక స్ప్రింగులు వేస్తే బండి చురుగ్గా ఉంటుందని సలహా వినిపిస్తుంది. బరువు లాగే బండికి అది తప్పు, తక్కువ స్పీడులో లోడు మీద అడ్వాన్స్ ఎక్కువై మళ్లీ నాకింగే వస్తుంది. వాక్యూమ్ డయాఫ్రమ్‌ని చేతిపంపుతో పీల్చి పట్టిచూస్తే నిలబడింది, దాన్ని ముట్టుకోలేదు. ప్లేటుకి ఎర్త్ ఇచ్చే చిన్న అల్లిక వైరు మాత్రం తీగలు తెగి ఉంది, మార్చాం. ప్లేటు కదిలినప్పుడల్లా మిస్సింగ్ ఇచ్చే ఈ వైరు చాలామంది కంటికి కనబడదు.

బ్యాలెన్సర్ కొత్తది వేశాం. పాతదాని మీద కొత్త గీత గీసి నడిపితే సరిపోదు, ఒకసారి జారిన వలయం మళ్లీ జారుతుంది, పూర్తిగా ఊడితే రేడియేటర్‌ని చీలుస్తుంది. తీసేటప్పుడు హబ్‌కి బోల్టులు బిగించే పుల్లరే వాడాలి. బయటి వలయాన్ని పట్టుకునే మూడు కాళ్ల పుల్లర్ రబ్బరునే లాగేస్తుంది. ఎక్కించేటప్పుడు సుత్తి వద్దు, ఆ దెబ్బ క్రాంక్ థ్రస్ట్ బేరింగ్‌కి తగులుతుంది. మర ఉన్న రాడ్డుతో లాగి ఎక్కించాలి. ఆయిల్ సీలు కూర్చునే చోట గాడి పడి ఉంటే సన్నటి స్లీవ్ వేయాలి.

కొత్త బ్యాలెన్సర్‌ని కూడా నమ్మేయలేదు. మళ్లీ పిస్టన్ స్టాప్ పెట్టి చూస్తే గుర్తు అర డిగ్రీ లోపలే ఉంది. ఒకే కుటుంబానికి చెందిన ఇంజన్లలో కూడా గుర్తూ సూచికా వేర్వేరు చోట్ల ఉండొచ్చు. పార్టు సరిపోయినంత మాత్రాన గుర్తు సరిపోతుందని లేదు.

తర్వాత వరుస ముఖ్యం: ముందు పాయింట్ల గ్యాప్, డ్వెల్ 32 డిగ్రీలు, ఆ తర్వాతే టైమింగ్. గ్యాప్ మార్చితే పాయింట్లు తెరుచుకునే క్షణం మారి టైమింగ్ దానంతటదే జరుగుతుంది. తలకిందులుగా చేస్తే చేసిన టైమింగ్ చెడుతుంది. బేస్ 4 పెట్టి లోడుతో ఎత్తు ఎక్కించి చూస్తే నాకింగ్ లేదు, 6కి పెంచినా లేదు. 8 దగ్గర వేడి ఇంజన్‌ని స్టార్ట్ చేస్తుంటే సెల్ఫ్ బరువుగా తిరిగింది, ఎత్తులో సన్నగా శబ్దం వచ్చింది. 6 దగ్గర ఆపాం.

ఫలితాలు: స్లోలో వాక్యూమ్ 19. స్లో స్క్రూ చాలావరకు వెనక్కి వచ్చింది, మిక్స్చర్ స్క్రూకి మళ్లీ పట్టు దొరికింది. అడ్వాన్స్ స్పీడుతో పాటు మెల్లగా పెరిగి 2800 ఆర్‌పీఎం దగ్గర మొత్తం 30 డిగ్రీలకు చేరుతోంది, రేస్ వదిలితే 6కే తిరిగి వస్తోంది. ఆపేశాక కొట్టుకోవడం పోయింది. ఎత్తులో టెంపరేచర్ ముల్లు మధ్యలోనే ఉంటోంది, రాత్రి చూసినా మానిఫోల్డ్ ఎర్రబడలేదు. రేడియేటర్, కార్బురేటర్ దేనికీ ఇంకే పనీ అవసరం రాలేదు.

ఈ కేసు నుంచి తీసుకోవలసినవి

పాత ఇంజన్ టైమింగ్ పుస్తకం అంకెకి తెస్తే బాగుపడకుండా ఇంకా చెడిందంటే, లైటు ముందు కాదు, గుర్తు దగ్గర మొదలుపెట్టాలి. పిస్టన్ స్టాప్‌తో గంటలో తేలే పని ఇది. ముప్పై, నలభై ఏళ్ల రబ్బరు బ్యాలెన్సర్ ఉన్న ఏ బండికైనా పార్టులు మార్చడానికి ముందే ఈ పరీక్ష చేయడం న్యాయం.

బేస్ ఒక్కటే చూసి వదలకూడదు. స్లో, 1500, 2500 ఆర్‌పీఎంల దగ్గర మూడు అంకెలు రాసుకుని, రేస్ వదిలాక నాలుగోది రాసుకోవాలి. ఆ నాలుగోదే చాలాసార్లు అసలు సంగతి చెబుతుంది.

లక్షణాలు ఒకదానికొకటి పొసగనప్పుడు, ఒక సమయంలో రిటార్డ్ (నిప్పు లేటు), ఇంకో సమయంలో నాకింగ్ అని వినిపించినప్పుడు, ఒకే కారణంతో రెండింటినీ వివరించాలని పట్టుబట్టకూడదు.

బ్యాలెన్సర్ కొత్తది వేశాక హబ్, రబ్బరు, వలయం మూడింటి మీదుగా ఒకే తెల్ల పెయింటు గీత గీయాలి. ఎప్పుడు బానెట్ ఎత్తినా ఆ గీత విరగకుండా ఉందో లేదో ఒక చూపు చాలు. కొత్త పాయింట్లకు డిస్ట్రిబ్యూటర్ క్యామ్ మీద రుద్దుకునే ఫైబర్ దిమ్మె మొదటి కొన్ని వందల కిలోమీటర్లలో త్వరగా అరుగుతుంది. గ్యాప్ తగ్గి డ్వెల్ పెరుగుతుంది, టైమింగ్ లేట్ అవుతుంది. క్యామ్‌కి కొద్దిగా గ్రీజు పెట్టి, ఆ దూరం నడిచాక డ్వెల్, టైమింగ్ మళ్లీ చూడాలి. ఈ బండిలో అప్పటికి డ్వెల్ 34కి పెరిగి, టైమింగ్ 2 డిగ్రీలు వెనక్కి పోయి ఉంది. గ్యాప్ సరిచేస్తే టైమింగ్ మళ్లీ 6కే వచ్చింది, డిస్ట్రిబ్యూటర్ తిప్పాల్సిన పని పడలేదు.